పటుత్వ లోపానికి మందులు: వాడకంలో తెలుసుకోవలసిన సంగతులు

మన ఇళ్లలో కొన్ని జబ్బులను గురించి నలుగురిలో మాట్లాడుకొంటాం. కొన్నింటిని గురించి మాట్లాడుకోం. మధుమేహం వచ్చిందని వీధి అరుగు మీద కూర్చుండి చెప్పుకొంటాం. రక్తపోటు ఎంత ఉన్నదో బంధువులు అడగకుండానే చెబుతాం. కాని నడివయస్సు దాటిన పురుషులలో చాలామందికి వచ్చే ఒక ఇబ్బందిని గురించి మాత్రం భర్త భార్యతో చెప్పడు, రోగి వైద్యునితో చెప్పడు. చెప్పకపోగా, ఎవరికీ తెలియకుండా మందు తెచ్చుకొని, ఎవరికీ తెలియకుండా మింగుతాడు. ఈ ప్రసంగం ఆ మందును గురించి. మందు మంచిదే, చాటుగా మింగటంలోనే అపాయం ఉన్నది. ఆ అపాయం ఎటువంటిదో ఇంటిల్లిపాదీ తెలుసుకోవటం అవసరం. కనుక మర్యాదకు భంగం రాని మాటలలో, అయినా స్పష్టంగా, ఈ విషయాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

దాంపత్య జీవనానికి చాలినంత అంగస్తంభనం కలగకపోవటాన్ని, కలిగినా నిలవకపోవటాన్ని వైద్యులు అంగస్తంభన లోపం అంటారు. వాడుకలో పటుత్వ లోపం అంటున్నాం. అలసట వల్లనో, దిగులు వల్లనో ఎప్పుడో ఒకనాడు ఇట్లా జరిగితే అది జబ్బు కాదు. కొన్ని నెలలపాటు పదే పదే జరుగుతూ ఉంటే అప్పుడది వైద్యునితో చెప్పవలసిన విషయం అవుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 ఏళ్లు మొదలు 70 ఏళ్ల వరకు వయస్సు గల పురుషులను పరిశీలించి 1994లో ఒక నివేదిక ప్రకటించారు. వారిలో నూటికి 52 మందికి ఈ లోపం ఎంతో కొంత ఉన్నట్టు తేలింది. సగానికి సగం మందికి ఉన్న బాధను ఎవరికి వారు తమ ఒక్కరికే వచ్చిన అవమానంగా భావించి లోలోపల కుమిలిపోతున్నారన్న మాట.

ఈ మందు ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే, దానిని ఎట్లా వాడవలెనో, ఎప్పుడు వాడకూడదో మనకే బోధపడుతుంది. డెల్టా ప్రాంతాలలో కాలువ మీద తూము, ఆ తూమును తెరిచి మూసే లస్కరు చాలామందికి తెలిసినవే. మన రక్తనాళాలు కూడా అటువంటి కాలువలే. వాటి గోడలలో ఉన్న సన్నని కండరాలు బిగిసి ఉంటే రక్తం కొద్దిగా ప్రవహిస్తుంది. సడలితే ధారాళంగా ప్రవహిస్తుంది. మనస్సులో అనురాగం మేల్కొన్నప్పుడు నరాల చివరల నుంచీ, రక్తనాళాల లోపలి పొర నుంచీ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు స్వల్పంగా పుడుతుంది. అది కండరాలలో సి.జి.ఎం.పి. అనే పదార్థాన్ని తయారు చేయిస్తుంది. ఆ పదార్థం తూమును తెరుస్తుంది. స్పంజి వంటి కణజాలంలోకి రక్తం వచ్చి నిండుతుంది. నిండిన ఒత్తిడికి బయటికి పోయే సిరలు నొక్కుకుపోయి రక్తం అక్కడ నిలుస్తుంది.

తెరిచిన తూమును మూయటానికి కూడా ప్రకృతి ఒక ఏర్పాటు చేసింది. పి.డి.ఇ.-5 అనే ఎంజైము ఆ సి.జి.ఎం.పి.ని ఎప్పటికప్పుడు విరగగొట్టి వేస్తూ ఉంటుంది. ఇది తూమును మూసే లస్కరు. వయస్సు వల్లనో, మధుమేహం వల్లనో తూము సగమే తెరుచుకొనే మనిషిలో ఈ లస్కరు పని పూర్తయ్యేలోగానే దానిని మూసివేస్తాడు. ఇప్పుడు మనం చెప్పుకొంటున్న మందులన్నీ ఆ లస్కరు చేతిని కాసేపు పట్టి ఆపుతవి. అంతకుమించి చేసేది లేదు. తూమును తెరవటం వీటి పని కాదు. మనస్సులో కోరిక లేనిదే, దంపతుల మధ్య సన్నిహితత్వం లేనిదే మాత్ర మింగి గడియారం చూస్తూ కూర్చుంటే ఫలితం ఉండదు. మాత్ర కోరికను పుట్టించదు. పుట్టిన కోరికకు శరీరం సహకరించేట్టు చేస్తుంది.

ఈ మందు పుట్టిన కథ కూడా తెలుసుకోదగినదే. ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలోని శాండ్‌విచ్ పట్టణంలో ఫైజర్ కంపెనీ పరిశోధనాలయం ఉండేది. అక్కడి శాస్త్రజ్ఞులు సిల్డెనాఫిల్ అనే పదార్థాన్ని గుండెనొప్పికి మందుగా తయారు చేశారు. 1990 తరువాతి తొలి సంవత్సరాలలో మనుషుల మీద పరీక్షించి చూడగా, గుండెనొప్పికి అది ఆశించినంత ఉపకరించలేదు. కాని పరీక్షలో పాల్గొన్న పురుషులలో కొందరు, అనుకోని మరొక ఫలితం కనిపించిందని చెప్పారు. ఆ ఫలితాన్ని పట్టుకొని పరిశోధన మలుపు తిరిగింది. 1998 మార్చి 27వ తేదీన అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ ఈ మందును ఆమోదించింది. వయాగ్రా అనే వ్యాపారనామంతో అది లోకమంతటా ప్రసిద్ధికెక్కింది. ఆ సంవత్సరమే, శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనుగొన్నందుకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిద్ మురాద్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. తరువాత టడాలఫిల్, వార్డెనాఫిల్, అవనాఫిల్ అనే మందులు వచ్చినవి. మన దేశంలో 2001 నుంచి స్వదేశీ కంపెనీలు సిల్డెనాఫిల్‌ను తమ తమ పేర్లతో తయారుచేసి చౌకగా అమ్ముతున్నవి.

ఇక అసలు ప్రమాదం సంగతి. నోబెల్ పేరు వచ్చింది గనుక అక్కడి నుంచే మొదలు పెడదాం. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైటు తయారు చేసింది నైట్రోగ్లిజరిన్‌తో. ఆ నైట్రోగ్లిజరిన్‌నే గుండెనొప్పికి మందుగా వాడవచ్చునని విలియం ముర్రెల్ అనే ఆంగ్ల వైద్యుడు 1879లో ప్రకటించాడు. నోబెల్‌కు చివరి దశలో గుండెజబ్బు వస్తే వైద్యులు దానినే పుచ్చుకోమన్నారు. ఈ విచిత్రాన్ని ఆయన 1896లో ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో ప్రస్తావించాడు. అది గుండెనొప్పిని ఎందువల్ల తగ్గిస్తుందో తెలియటానికి ఆ తరువాత సుమారు ఒక శతాబ్దం పట్టింది. శరీరంలో అది నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది, రక్తనాళాలు సడలుతవి, గుండె మీద భారం తగ్గుతుంది. అంటే నైట్రేటు మందులు తూములు తెరిచే మందులు. సిల్డెనాఫిల్ మూసే లస్కరును కట్టివేసే మందు. రెండూ ఒకే శరీరంలో కలిస్తే? దేహమంతటా తూములు బార్లా తెరుచుకొంటవి, మూసే నాథుడు ఉండడు. చెరువు ఖాళీ అయినట్టు రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. మనిషి స్పృహ తప్పుతాడు. మెదడుకూ గుండెకూ రక్తం అందక ప్రాణాపాయం కలుగవచ్చును.

నైట్రేటులు అంటే ఏవో అరుదైన మందులు కావు. గుండెజబ్బు ఉన్నవారి ఇంట్లో చొక్కా జేబులోనో, దిండు కిందనో ఉండే సార్బిట్రేట్ బిళ్ల ఐసోసార్బైడ్ డైనైట్రేట్ అనే నైట్రేటే. రోజూ మింగే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ మాత్రలు, నాలుక కింద చల్లుకొనే నైట్రోగ్లిజరిన్ స్ప్రే, ఛాతీ మీద అంటించుకొనే పట్టీలు, గుండెనొప్పికి ఇచ్చే నికోరాండిల్ మాత్ర కూడా ఈ కోవకు చెందినవే. వీటిలో ఏ ఒక్కదానినైనా వాడుతున్నవారు, రోజూ గాని అప్పుడప్పుడు గాని, పటుత్వ లోపానికి చెప్పిన ఈ మాత్రల జోలికి పోకూడదు. సగం మాత్ర అయితే ఫరవాలేదా, పగలు ఒకటి రాత్రి ఒకటి వేసుకోవచ్చునా అన్న బేరాలకు ఇందులో తావు లేదు. ఊపిరితిత్తుల రక్తనాళాల జబ్బుకు వాడే రియోసిగువాట్ అనే మందుతో కూడా ఇవి కలవకూడదు.

ఒక గృహస్థును ఊహించుకోండి. ఏభై అయిదేళ్లవాడు. కొంతకాలంగా మధుమేహం ఉన్నది. పొరుగూరి మందుల షాపులో మాత్ర కొని తెచ్చుకొన్నాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి ఛాతీలో నొప్పి మొదలైంది. భార్య కంగారుపడి పక్కింటివారిని పిలిచింది. గుండెనొప్పికి సార్బిట్రేట్ నాలుక కింద పెట్టవలెనని నలుగురికీ తెలుసు. పక్కింటి పెద్దాయన తన జేబులో ఉన్నదే తీసి ఇచ్చాడు. అందరూ మంచిమనస్సుతోనే చేశారు. అయినా ఆ బిళ్ల ఆ సమయంలో విషంతో సమానం. ఒక్క మాట, ‘నేను ఫలానా మాత్ర వేసుకొన్నాను’ అన్న ఒక్క మాట ఆ ప్రమాదాన్ని తప్పిస్తుంది. ఆ మాట చెప్పటానికి సిగ్గు అడ్డువస్తుంది. సిగ్గు మర్యాదకు సంబంధించినది, నిజమే. కాని ప్రాణానికి సంబంధించిన చోట దానికి స్థానం లేదు.

కనుక ఈ నియమం ప్రతి ఇంటిలోనూ గుర్తుండవలె. ఈ మాత్ర వేసుకొన్న తరువాత ఛాతీలో నొప్పి, బిగువు, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే బాధ కలిగితే ఉన్న పనిని వెంటనే ఆపి కూర్చోవలె. నాలుక కింద బిళ్ల పెట్టకూడదు. 108కి ఫోను చేసి, వచ్చినవారితోనూ ఆసుపత్రి వైద్యునితోనూ ముందుగా చెప్పవలసిన మాట రెండే ముక్కలు: ఏ మాత్ర, ఎన్ని గంటలకు. సిల్డెనాఫిల్ వేసుకొన్నవారికి 24 గంటల వరకు, టడాలఫిల్ వేసుకొన్నవారికి 48 గంటల వరకు నైట్రేటు ఇవ్వకూడదు. ఆ గడువు దాటిన తరువాత అయినా వైద్యుని సమక్షంలోనే ఇవ్వవలసి ఉంటుంది. గుండెనొప్పికి వేరే చికిత్సలు అనేకం ఉన్నవి. సంగతి తెలిస్తే వైద్యుడు వాటితో నడిపించుకొస్తాడు.

వాడదగినవారు ఎట్లా వాడవలె? సిల్డెనాఫిల్ సాధారణంగా 50 మిల్లీగ్రాములతో ప్రారంభిస్తారు. 65 ఏళ్లు దాటినవారికీ, కాలేయం గాని మూత్రపిండాలు గాని బాగా దెబ్బతిన్నవారికీ 25తో మొదలు పెడతారు. ఫలితాన్నిబట్టి వైద్యుడు 100 వరకు పెంచవచ్చును, తగ్గించవచ్చును. 24 గంటలలో ఒక్కసారికి మించి వేసుకోకూడదు. సుమారు ఒక గంట ముందు వేసుకోవలె. దాని ప్రభావం నాలుగు గంటల పర్యంతం ఉంటుంది. నెయ్యీ నూనే దండిగా ఉన్న భోజనం చేసిన వెంటనే వేసుకొంటే మందు రక్తంలో చేరటానికి ఇంకొక గంట ఆలస్యం అవుతుంది, దాని బలం కూడా కొంత తగ్గుతుంది. విందు భోజనం చేసి మాత్ర వేసుకొని, అది పనిచేయలేదని మందును నిందించేవారు కొందరున్నారు. తేలికగా తిని వేసుకొంటే ఆ ఫిర్యాదు ఉండదు.

టడాలఫిల్ తీరు వేరు. ఇది నెమ్మదిగా శరీరాన్ని విడిచిపోతుంది. ప్రభావం 36 గంటల వరకు ఉండవచ్చును. భోజనంతో దీనికి పేచీ లేదు. అవసరమైనప్పుడు వేసుకొనే మోతాదు సాధారణంగా 10 మిల్లీగ్రాములు. వైద్యుడు దానిని 5కు తగ్గించవచ్చును, 20కి పెంచవచ్చును. 2.5 గాని 5 గాని మిల్లీగ్రాముల చిన్న మాత్రను ప్రతిరోజూ ఒకే వేళకు వేసుకొనే పద్ధతి కూడా ఉన్నది. గడియారం చూసుకొనే బెడద లేదు గనుక కొందరు దంపతులకు ఇది అనుకూలంగా ఉంటుంది. అయితే ఎక్కువ సేపు ఉండే మందుకు ఎక్కువ సేపు జాగ్రత్త కూడా అవసరమే. ఒక మాత్ర చాలలేదని అదే రోజు రెండవ రకం మాత్ర వేయటం, రెంటినీ కలిపి వేయటం ఎన్నడూ చేయకూడదు.

మొదటిసారి ఫలించకపోతే నిరాశ పడనక్కరలేదు. సరైన మోతాదులో, సరైన పద్ధతిలో ఆరేడు పర్యాయాలు వాడి చూసిన తరువాతనే మందు పనిచేయలేదని నిర్ణయించవలెనని వైద్యులు చెబుతారు. తొలి పరీక్షలలో 100 మిల్లీగ్రాముల సిల్డెనాఫిల్ వాడినవారిలో నూటికి 82 మంది తమ స్థితి మెరుగుపడిందని చెప్పారు. ఇందులో ఒక తమాషా ఉన్నది. అదే పరీక్షలో మందు ఏమీ లేని ఉత్త మాత్రలు మింగినవారిలో కూడా నూటికి 24 మంది మెరుగుపడినట్టు చెప్పారు. ఈ బాధలో మనస్సుకు ఎంత పాత్ర ఉన్నదో దీనివల్ల తెలుస్తున్నది. భయం తగ్గితే బాధలో కొంత భాగం దానంతట అదే తగ్గుతుంది. మధుమేహం ఉన్నవారిలో నరాలూ రక్తనాళాలూ దెబ్బతిని ఉంటవి గనుక మందు కొంత తక్కువగా పనిచేస్తుంది. అయినా వారిలో కూడా సగానికి పైగా లాభం పొందారు.

మద్యపానం సంగతి. కొద్దిపాటి మద్యం ధైర్యాన్నిస్తుందని కొందరు భ్రమిస్తారు. మద్యం కోరికను రేపినట్టు కనిపించి శక్తిని హరిస్తుంది. పైగా మద్యమూ, ఈ మాత్రా రెండూ రక్తపోటును తగ్గించేవే. రెండూ కలిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చును.

మరికొన్ని మందులతోనూ జాగ్రత్త కావలె. ప్రొస్టేటు గ్రంథి వాపుకు, రక్తపోటుకు వాడే టామ్సులోసిన్, ప్రజోసిన్ వంటి మందులతో కలిస్తే రక్తపోటు తగ్గవచ్చును. వైద్యుడు మోతాదు తగ్గించి, వేళలు వేరుచేసి ఇస్తాడు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు, తామర వంటి శిలీంధ్ర వ్యాధులకు ఇచ్చే కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్, ఎయిడ్స్ వ్యాధికి ఇచ్చే రిటోనవిర్ ఈ మాత్ర శరీరంలో కరిగిపోకుండా అడ్డుకొంటవి. అప్పుడు చిన్న మోతాదే పెద్ద మోతాదుగా పరిణమిస్తుంది. గ్రేప్ ఫ్రూట్ అనే నిమ్మజాతి పండు రసం కూడా ఇట్లాగే చేస్తుంది. పేరులో ద్రాక్ష ఉన్నా అది మన ద్రాక్షపండు కాదు.

గత ఆరు నెలలలో గుండెపోటు గాని పక్షవాతం గాని వచ్చినవారు, రక్తపోటు 90/50 కంటె తక్కువగా గాని 170/110 కంటె ఎక్కువగా గాని ఉన్నవారు, నడిస్తేనే ఛాతీ నొప్పి వచ్చేవారు ముందు గుండె వైద్యుణ్ణి కలుసుకోవలె. దాంపత్య సుఖం కూడా శరీరానికి ఒక శ్రమే. ఇరవై నిమిషాలలో ఒక మైలు నడవగలిగి, రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగినవారి గుండె సాధారణంగా ఆ శ్రమకు ఓర్చుకోగలదని వైద్యుల అంచనా. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్యపు కంటిజబ్బు ఉన్నవారు ఆ సంగతి వైద్యునితో చెప్పవలె. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో కనిపించే సికిల్ సెల్ రక్తవ్యాధి ఉన్నవారికి కూడా ఈ మందుతో ప్రత్యేకమైన ప్రమాదం ఉన్నది. అదేమిటో ఇప్పుడే చెబుతాను.

ఏ మందుకైనా తనవైన ఇబ్బందులు కొన్ని ఉంటవి. తలనొప్పి, ముఖం వేడెక్కి ఎర్రబడటం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట ఈ మాత్రలతో సాధారణంగా కలిగేవి. సిల్డెనాఫిల్ వేసుకొన్నవారిలో కొందరికి కాసేపు చూపులో నీలి ఛాయ కనిపిస్తుంది. కంటిలో ఉండే, ఆ లస్కరుకు దాయాది వంటి, మరొక ఎంజైమును కూడా అది కొంచెం ఆపటమే కారణం. టడాలఫిల్‌తో నడుము నొప్పి, కండరాల నొప్పి రావచ్చును. ఇవన్నీ కొద్ది గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో తగ్గిపోయేవే. కాని మూడు లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. మొదటిది, అంగస్తంభనం నాలుగు గంటలు గడిచినా తగ్గకపోవటం. రక్తం లోపల నిలిచి గడ్డకట్టి కణజాలం శాశ్వతంగా చెడిపోతుంది. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి ఎక్కువగా ఉండే ప్రమాదం ఇదే. రెండవది, ఒక కంటి చూపు గాని రెండు కళ్ల చూపు గాని హఠాత్తుగా పోవటం. మూడవది, వినికిడి హఠాత్తుగా తగ్గటం. ఈ మూడూ అరుదైనవే. వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి పోవలసినవి.

ఇంతవరకు మందును గురించి చెప్పుకొన్నాం. మందుకంటె ముఖ్యమైన విషయం ఒకటున్నది. పటుత్వ లోపం చాలామందిలో వేరొక జబ్బుకు సూచన. ఆ భాగానికి రక్తం తెచ్చే ధమనులు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పే ఉంటవి. గుండె ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటవి. రక్తనాళాలలో కొవ్వు పేరుకోవటం మొదలైతే సన్న కాలువ ముందుగా పూడిపోతుంది గదా! అందువల్ల ఈ లోపం కనిపించిన కొన్ని సంవత్సరాలకు గుండెజబ్బు బయటపడటం వైద్యులు తరచు చూస్తూ ఉన్నారు. చాటుగా మాత్ర మింగి ఊరుకొన్నవాడు ఇంటికి దొంగ రాకముందే మొరిగిన కుక్కను నోరు కట్టివేసినవానితో సమానం. వైద్యుని వద్దకు వెళ్లినవానికి రక్తపోటు చూస్తారు. రక్తంలో చక్కెర, కొవ్వు పదార్థాలు, అవసరమైతే ఉదయం వేళ టెస్టోస్టెరోన్ అనే హార్మోను పరీక్షిస్తారు. ఏనాడూ తెలియని మధుమేహం ఇట్లా బయటపడినవారు ఉన్నారు.

వైద్యుడు అడిగే ప్రశ్నలలో ఒకటి, వేకువజామున నిద్రలో సహజంగా కలిగే స్తంభనం ఉన్నదా లేదా అని. అది యథాప్రకారం ఉంటే రక్తనాళాలు చాలవరకు బాగున్నట్టు, దిగులో, భయమో, దంపతుల మధ్య మనస్పర్థలో కారణమైనట్టు ఊహించవచ్చును. అటువంటివారికి మాత్రకంటె మాట మంచి మందు. మరొక ప్రశ్న, ఏయే మందులు వాడుతున్నారని. రక్తపోటుకు ఇచ్చే కొన్ని మందులు, మనోవ్యాకులతకు ఇచ్చే కొన్ని మందులు ఈ లోపాన్ని కలిగించవచ్చును. అట్లాగని వాటిని తమంతట తాము మానివేయకూడదు. వైద్యునితో చెబితే వేరొకటి మార్చి ఇస్తాడు. పొగ మానటం, పొట్ట తగ్గించటం, రోజూ నడవటం, చక్కెరను అదుపులో ఉంచుకోవటం వల్ల మాత్ర కూడా మరింత బాగా పనిచేస్తుంది. మాత్రలు ఫలించనివారికి ఇంజెక్షన్లు, పరికరాలు, శస్త్రచికిత్స మొదలైన మార్గాలు ఇంకా ఉన్నవి.

ఇక బజారు మందుల సంగతి. గోడల మీద, కరపత్రాలలో, ఇప్పుడు చేతిలోని ఫోనులో కూడా రహస్య చికిత్సల ప్రకటనలు కనిపిస్తూనే ఉన్నవి. లైంగిక శక్తిని పెంచుతామని మందులను ప్రకటించటాన్ని మన దేశంలో 1954లో చేసిన ఒక చట్టం నిషేధించింది. అటువంటి ప్రకటన కనిపించిందంటే చట్టాన్ని అతిక్రమించే చేతి నుంచి మందు కొంటున్నామని గ్రహించవలె. కేవలం మూలికలే అని అమ్మే గుళికలలో సిల్డెనాఫిల్‌ను గుట్టుగా కలిపినట్టు అనేక దేశాల ప్రభుత్వ పరీక్షలలో బయటపడింది. మూలికలే గదా అని సార్బిట్రేట్ వాడే గుండెరోగి దానిని మింగితే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చును. మన దేశంలో సిల్డెనాఫిల్ షెడ్యూల్ హెచ్‌లో చేరిన మందు. వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ వ్రాయించుకొని, రసీదు తీసుకొని, పేరూ తయారీ తేదీ ఉన్న అట్టతో సహా కొనటమే క్షేమం. మిత్రుడు ఇచ్చిన మాత్ర ఆ మిత్రునికి సరిపోయినది మాత్రమే. పరాయివాని కళ్లజోడు మనకు పనికిరానట్టే పరాయివాని మాత్ర కూడా పనికిరాదు.

గృహిణులతో ఒక మాట. భర్త ఈ విషయం చెప్పినప్పుడు నవ్వకండి, నొచ్చుకోకండి. తనమీద మనస్సు తప్పిందేమో అని భార్య, తాను చేతకానివాడనని తెలిసిపోతుందేమో అని భర్త ఒకరినొకరు తప్పించుకొంటూ ఉంటే దూరం పెరుగుతుంది. ఈ లోపానికి చాలాచోట్ల కారణం రక్తనాళాలు, అనురాగం కాదు. వైద్యుని వద్దకు ఇద్దరూ కలిసి వెళితే చికిత్స సులువవుతుంది. ఇంట్లో వాడే మందులన్నింటి పేర్లు ఒక కాగితం మీద వ్రాసి ఒకచోట ఉంచటం ఎన్నో విధాల మంచిది. ఆ కాగితంలో ఈ మాత్ర పేరు కూడా చేరవలె. ఆపద వేళ ఆ ఒక్క పంక్తి ప్రాణం నిలబెడుతుంది.

వైద్యుని దగ్గర, వకీలు దగ్గర దాపరికం పనికిరాదని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఈ మందులు వచ్చి పాతికేళ్లు దాటింది. సరిగా వాడినవారికి ఇవి మేలు చేసినవి. ఎన్నో సంసారాలలో పోయిన చనువును తిరిగి తెచ్చినవి. వాటిని నిందించవలసిన పని లేదు, వాటిని చూసి సిగ్గుపడవలసిన పని అంతకన్నా లేదు. గుండెమందు వాడుతున్నామా లేదా అని ముందు చూసుకొని, వైద్యుడు చెప్పిన మోతాదు మించకుండా, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి వాడుకొంటే చాలు.